బుజ్జమ్మకి, బండి సంగతి

కొవ్వూరు,
ఆదివారం

చి.ల.సౌ. బుజ్జమ్మను బాబాయి దీవించి వ్రాయునది.

ఫోనులో చెబితే పోయేదానికి ఉత్తరమేంటని నవ్వుకుంటున్నావేమో. ఫోనులో రెండో మాటకే "కాల్ వస్తోంది బాబాయ్, మళ్లీ చేస్తా" అంటావు. మళ్లీ చేసేసరికి పండగొస్తుంది. కాగితానికి ఆ బాధ లేదు.

మొన్న మీ చంటాడిని తోసుకెళ్లే మూడు బళ్ల ఫొటోలు పంపి, "30 ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో చేశావుగా, ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నావు. పొంగిపోయాను. ఆ ఫొటోలు పక్కింటి మాష్టారికి కూడా చూపించాను. సాయంత్రం మీ అమ్మ ఫోను. నీకు మూడు చక్రాలదే కావాలిట, చంటాడిని అందులో వేసుకుని పొద్దున్నే మీ హైదరాబాదు సోలార్ సైకిల్ ట్రాక్ మీద పరిగెడతావుట. మీ అమ్మ మాటల్లో సగం తీసేసినా, మిగిలిన సగానికే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి ముందు పరుగు సంగతి. వాడికి నాలుగు వెళ్లి అయిదో నెల. మెడ నిలిచింది గానీ కూర్చోలేడు. కూర్చోలేని బిడ్డని పరుగు కుదుపుల్లో పెట్టకూడదు. ఆరు నిండాలని కొందరు డాక్టర్లు, ఎనిమిది నిండాలని కొందరు. మీ పిల్లల డాక్టరు ఏమంటే అది. అప్పటిదాకా వీపు పూర్తిగా వాలే సీటులో పడుకోబెట్టి నడకే. ఇంకో మాట. 2023లో నానక్‌రామ్‌గూడ నుంచి వేసిన ఆ ట్రాకు సైకిళ్లకి వేసింది. పైన సోలారు కప్పు, కింద నీడ, చూస్తే ఎవరికైనా మనసవుతుంది, కాదనను. కానీ తలొంచుకుని ఊపు మీద వచ్చే సైకిలువాడు చంటిపిల్లాడి బండి కోసం చూసుకుంటూ రాడు.

పరిగెత్తవద్దనటం లేదమ్మలూ. నువ్వు పదో తరగతిలో ఏటిగట్టు మీద పరిగెడుతుంటే వెనకాల సైకిలు తొక్కినవాణ్ణి నేనే. వాణ్ణి అల్లుడికి అప్పజెప్పి పరిగెత్తు.

ఇక మూడు చక్రాలు. "ఆటోలా బోల్తా కొట్టదూ" అంటోంది మీ అమ్మ. సగం నిజం. ముక్కాలిపీట ఎప్పుడైనా ఊగగా చూశావా? ఎంత గతుకు నేలైనా మూడు కాళ్లూ ఆనుతాయి. నాలుగు కాళ్ల కుర్చీకే కింద అట్టముక్క దోపాలి. బారసాలకి వచ్చినప్పుడు పొద్దున్నే రంగనాథస్వామి గుడిదాకా నడిచి వచ్చాను గదా, మీవైపు ఫుట్‌పాత్ చూశాను. పది అడుగులు నున్నగా ఉంటుంది, తరవాత రెండు పలకలు లేచి ఉంటాయి, ఆపైన ట్రాన్స్‌ఫార్మరు, దాన్ని ఆనుకుని టీ బండి, దాని ముందు నిలబెట్టిన బైకులు. అద్దాల మేడ ముందు ఒక దేశం, రెండు మేడల మధ్య ఇంకో దేశం. అలాంటి చోట పెద్ద చక్రాలు, గాలి టైర్లు ఉన్న మూడు చక్రాల బండే మేలు. నువ్వు పంపినవాటిలో రెండోదానికి అరచేయంత ప్లాస్టిక్ చక్రాలు. అది షాపింగ్ మాల్‌లో గ్రానైట్ మీద తిరగడానికి. గాలి టైరుకి పంచరు పడుతుంది, నిజమే. సైకిలు షాపువాడు వేస్తాడు. గతుకు చంటాడి నడుముకి తగిలేకంటే టైరుకి తగలడం నయం.

బోల్తా మాటలో నిజమైన సగం ఇది: ముందు రెండు మూలలకీ ఊతం ఉండదు. మలుపులో విసురుగా తిప్పితే పక్కకి ఒరుగుతుంది. నువ్వు ఆ ల్యాప్‌టాప్ సంచి, డైపర్ల సంచి హ్యాండిల్‌కి తగిలిస్తావు, నాకు తెలుసు. వాణ్ణి ఎత్తుకోగానే ముందు బరువు పోయి బండి వెనక్కి పడుతుంది. సంచి కింద బుట్టలో పెట్టు. ముందు చక్రానికి లాక్ ఉందో లేదో చూడు. నడకకి ఆ చక్రం అన్నివైపులా తిరగాలి, అప్పుడే లిఫ్టులో ఒక్క చేత్తో బండి తిప్పగలవు. రేపు వాడు కూర్చున్నాక పరిగెడితే మాత్రం అది నేరుగా బిగిసి ఉండాలి. బిగించకుండా పరిగెడితే చిన్న బెడ్డ తగిలినా చక్రం గిలగిలా కొట్టుకుని అడ్డం తిరుగుతుంది.

ఈ బళ్ల వంశం గురించి కూర్చుని చదివాను. రిటైరైనవాడికి ఇంకేం పని. ఓవెన్ మెక్లారెన్ అని ఇంగ్లండులో ఓ ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల ఏర్పాటు మీద పనిచేసినవాడు. బరువు బండితో ప్రయాణాల్లో కూతురు పడే అవస్థ విని, గొడుగులా ముడుచుకునే బండి తయారుచేసి 1965లో పేటెంటు వేశాడు. మూడు చక్రాలది తరవాతి సంగతి. అమెరికాలో యాకిమా అనే ఊళ్లో పత్రికలో పనిచేసే ఫిల్ బేక్లర్‌కి పరుగు పిచ్చి, ఇంట్లో చంటి కొడుకు. 1980ల మొదట్లో పిల్లల బండికి సైకిలు చక్రాలు తగిలించి వాణ్ణి తోసుకుంటూ పరిగెత్తాడు. విమానాలవాడొకడు, సైకిలువాడొకడు. కొవ్వూరులో ఆర్టీసీవాడు కూడా ఒకడున్నాడని ఎవరూ రాయలేదు.

నీకు గుర్తుండదు. 1993, నీకు ఏడాది దాటి రెండు నెలలు. అప్పట్లో పిల్లలు బేరింగుల బండి చేసుకునేవాళ్లు, చెక్క కింద పాత బేరింగులు మూడు, గరగరమంటూ ఊరంతా తిరిగేది. నేను స్క్రాపులో పెద్దవి మూడు ఏరి, కిరసనాయిలులో రెండు రోజులు నానబెట్టి, గ్రీజు కూరాను. మీ నాయనమ్మ పేము కుర్చీ కాళ్లు కోసి పైన బిగించాను. నీ నడుముకి మీ పిన్ని పాత చీర అంచు. నాయనమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు తనే నిన్ను అందులో పెట్టి వీధి చివరిదాకా తోసుకెళ్లింది. నువ్వు ఆ గరగరకి తాళం వేస్తూ చేతులు కొట్టేదానివి. మొన్న వీడియోలో మిక్సీ చప్పుడుకి వాడు చేతులు ఎగరేస్తుంటే పిన్ని కళ్లు తుడుచుకుంది. వాడి ఎడమ కాలు సాక్సు ఎప్పుడూ ఊడే ఉంటుందేం? నీకూ అంతే.

ఆ బండికి లేనిదల్లా బ్రేకు. డిపోలో పొద్దస్తమానం బ్రేకులు చూసేవాడు చేసిన బండికి బ్రేకు లేదు!

ఇప్పుడు అసలు మాటకి వచ్చాను. నీ ఫొటోల్లో రంగు కనపడింది, కప్పు కనపడింది, కాఫీ కప్పు పెట్టుకునే చోటు కూడా కనపడింది. బ్రేకు ఒక్కదాంట్లోనూ కనపడలేదు. నువ్వు కొనే బండికి వెనక రెండు చక్రాలనీ ఒక్క తొక్కుతో పట్టేసే కాలి బ్రేకు ఉండాలి. చెప్పుల కాలితో తొక్కినా పడాలి. పడినట్టు టక్కుమని వినపడాలి. హ్యాండిల్ నుంచి మణికట్టుకి వేసుకునే పట్టీ ఉండాలి, ఉండటమే కాదు, వేసుకోవాలి. మా ఫోర్‌మన్ గారొకాయన అనేవారు, నడిచే బండిని డ్రైవరు కాస్తాడు, ఆగిన బండిని ఎవడు కాస్తాడ్రా అని. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రం కింద చెక్క పెట్టి, ఆ చెక్కని కాలితో తన్ని చూసి అప్పుడు టీకి వెళ్లమనేవారు. నలుగురం నవ్వేవాళ్లం. మీది రాళ్లగుట్టలు పగలగొట్టి కట్టిన ఊరు. చూడటానికి చదునుగా ఉన్న రోడ్డు మీద నీళ్లు పోసి చూడు, ఎటో ఒకవైపు పారతాయి. మీ సెల్లారు ర్యాంపు సంగతి సరేసరి. కారు డిక్కీ తెరవడానికి నువ్వు రెండు చేతులూ వదిలే చోటు సరిగ్గా అదే.

నవ్వకు. నీ ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది చూడు. అరుగు మీంచి పడ్డావని చెప్పాం. అరుగు కాదు.

ఓ సాయంత్రం నిన్ను ఆ బండిలో గోష్పాద క్షేత్రం దాకా తీసుకెళ్లాను. ఘాటుకి దిగే సిమెంటు వాలు దగ్గర మా డిపో డ్రైవరొకడు ఎదురై గేరు పడటం లేదన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. గేరుబాక్సు గురించి ఒక చేత్తో చెప్పడం నావల్ల కాదు, ఎప్పుడూ కాలేదు. గరగర వినపడింది. తిరిగి చూసేసరికి నువ్వు ఇరవై అడుగుల అవతల, చేతులు కొట్టుకుంటూ పోతున్నావు. అప్పుడు ముందు చక్రానికి ఏదో బెడ్డ తగిలింది. అడ్డం తిరిగి పక్కకి ఒరిగిపోయింది. బేరింగు అంచు తగిలి రక్తం. ఒరగకపోతే తరవాతవి మెట్లు, మెట్ల తరవాత గోదావరి. మూడు చక్రాల బండి పక్కకి పడుతుందని మీ అమ్మ తిట్టినప్పుడల్లా నేను నోరెత్తనిది అందుకే.

ఆ రాత్రే బండి విప్పేశాను. పిన్నికి తెలుసు. మీ నాన్న, మా అన్నయ్య, ఈ సంగతి తెలియకుండానే వెళ్లిపోయాడు. మీ అమ్మకి నువ్వు చెప్పదలిస్తే చెప్పు, నా ఎదురుగా మాత్రం వద్దు.

పిన్ని ఈ కాగితం చదివి "ఇదంతా అవసరమా" అని, తన మాటలు కూడా రాయమంటోంది. వాణ్ణి చంకన వేసుకుంటే నీ మొహం చూస్తాడుట, ఈ పరుగు బళ్లలో చాలావాటిలో వాడి మొహం రోడ్డు వైపే ఉంటుందిట. నిజమే. అటూ ఇటూ తిప్పుకునే సీటు దొరికితే చూడు, దొరక్కపోతే మాట్లాడుతూ తొయ్యి. ఎండగా ఉందని కప్పు మీద చున్నీ పరిచెయ్యకు. గాలి ఆడక లోపల పొయ్యిలా కాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటితే బయటికే తీయకు. ఇంకా, వాడి ముక్కు కార్ల పొగగొట్టం ఎత్తులో ఉంటుంది. ఇంగ్లండులో సర్రే విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో చెప్పారు, బండిలో పిల్లలకి తోసే పెద్దవాళ్ల కంటే 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యం తగలొచ్చని. విప్రో సర్కిల్ సిగ్నల్ దగ్గర వాణ్ణి నిలబెట్టకు. అపార్ట్‌మెంటు లోపలి దారి చాలు.

కొనడానికి వెళ్లినప్పుడు పది కిలోల బియ్యం సంచి పట్టుకెళ్లు. అల్లుడు సిగ్గుపడతాడు, పడనీ. ఖాళీ బండి ఏదైనా బాగానే నడుస్తుంది. సంచి సీట్లో పెట్టి పట్టీలన్నీ బిగించు: భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి, అయిదు ఉండాలి. మెత్తగా తోసి చూడు. బ్రేకు తొక్కి దుకాణం ముందు వాలు మీద నిలబెట్టి ఊపు. అంగుళం కదిలినా వద్దను. తరవాత నువ్వే మడిచి చూడు, సేల్స్‌వాడిని మడవనివ్వకు. మడత దగ్గర వేలు పట్టే సందు ఉంటే అదీ వద్దను. 2009లో అమెరికాలో పేరున్న కంపెనీ ఒకటి ఆ సందుల్లో పిల్లల వేళ్ల కొసలు తెగాయని పది లక్షల బళ్లకి కొత్త తొడుగులు ఇవ్వాల్సొచ్చింది. డిక్కీ కొలత, లిఫ్టు కొలత టేపుతో తీసుకుని మరీ వెళ్లు. మూడు చక్రాలవి మడిచినా స్థలం తింటాయి.

మొత్తానికి మొదటి ఫొటోలోది కొను, నీలం రంగుది. నేను చెప్పినవన్నీ దానికి ఉంటేనే. సగం డబ్బు నేను పంపుతున్నాను, అల్లుడితో చెప్పకు.

వచ్చే వారం మాష్టారి అబ్బాయి హైదరాబాదు వస్తున్నాడు. సున్నుండల డబ్బా ఇచ్చి పంపుతున్నాం. అడుగున న్యూస్‌పేపరులో చుట్టి రెండు టేకు చెక్కలుంటాయి, ఏటవాలుగా చిత్రిక పట్టినవి. పిన్ని వద్దంటున్నా పెట్టాను. బండి చక్రాల వెనక్కి సరిపోతాయి. మీ పనమ్మాయి చెత్తనుకుని పారేస్తుందేమో, డబ్బా నువ్వే విప్పు.

వాడి సాక్సులు చూడు.

ఇట్లు,
మీ బాబాయి