సంతకం బిడ్డది, భయం మనది

2007 మే 13న ఇరాక్‌లో బాంబు పేలి ఒక అమెరికన్ లెఫ్టినెంట్ చనిపోయాడు. పేరు ఆండ్రూ బాసెవిచ్. వయసు 27. తండ్రి పేరూ అదే. ఆ తండ్రి వియత్నాంలో పనిచేసి, కర్నల్‌గా పదవీ విరమణ చేసి, అప్పటికి బోస్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న మనిషి. ఇరాక్ యుద్ధం తప్పని ఏళ్ల తరబడి రాస్తూ వచ్చినవాడు. కొడుకు ఆ యుద్ధానికే వెళ్లాడు. వాడు పోయిన రెండు వారాలకు తండ్రి వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వ్యాసం రాశాడు. తాను వ్యతిరేకించిన యుద్ధంలోనే కొడుకుని పోగొట్టుకున్నానని, అయినా ఇద్దరం ఎవరి ధర్మం వాళ్లం చేశామని అందులో చెప్పుకున్నాడు. నీ రాతల వల్లే శత్రువుకి బలం వచ్చింది, నీ కొడుకు చావుకి నువ్వే కారణం అని ఆయనకు రాసినవాళ్లు కూడా ఉన్నారు.

ఈ తండ్రిలో నన్ను కదిలించేది ఒకటుంది. కొడుకు యూనిఫాం వేసుకోవడాన్ని తన అభిప్రాయానికి జరిగిన అవమానంగా ఆయన చూడలేదు. కొడుకు వేసుకున్నాడు కదా అని తన అభిప్రాయాన్నీ మార్చుకోలేదు. రెండూ ఒకే గుండెలో పెట్టుకున్నాడు. వ్యక్తిత్వం అనే మాటకి నాకు తెలిసిన అర్థాల్లో ఇది ఒకటి. ఇది పుట్టుకతో వచ్చేదని నేననుకోను. ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, నెలల తరబడి సాధన చేస్తే వచ్చేది.

అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగిపోయింది. అప్పటి నుంచి సైన్యంలో చేరేవాళ్లంతా తమంతట తామే సంతకం పెట్టినవాళ్లు. అందుకే వియత్నాం నాడు ప్రభుత్వానికీ కుర్రాడికీ మధ్య జరిగిన గొడవ ఇరాక్ నాటికి ఇంట్లోకి వచ్చేసింది. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. కారణంగా చూపిన సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకలేదు. జనం మద్దతు కరిగిపోయింది. 2005లో సైన్యం 80,000 మందిని చేర్చుకోవాలనుకుంటే 6,000 మందికి పైగా తగ్గారు. ఆ మరుసటి ఏడు చేరేవాళ్ల వయోపరిమితిని 42కి పెంచారు, చేరినందుకు ఇచ్చే బోనస్ గరిష్ఠంగా 40,000 డాలర్ల దాకా వెళ్లింది. వీటికంటే నాకు ముఖ్యంగా తోచేది, టీవీలో సైన్యం ప్రకటనలు ఆ రోజుల్లో నేరుగా అమ్మానాన్నలతో మాట్లాడటం మొదలుపెట్టడం. పిల్లవాడికీ సంతకానికీ మధ్య నిలబడినది అమ్మ అని సైన్యం కనిపెట్టింది.

అమ్మ దగ్గర ఉన్న అడ్డుకట్ట మాత్రం చాలా చిన్నది. పదిహేడేళ్ల బిడ్డ చేరాలంటే కన్నవాళ్ల సంతకం కావాలి. పద్దెనిమిది నిండిన రోజున అక్కర్లేదు. 2002 నాటి విద్యా చట్టంతో వచ్చిన నిబంధన ప్రకారం, తల్లిదండ్రులు రాతపూర్వకంగా వద్దంటే తప్ప, హైస్కూలు పిల్లల పేర్లూ చిరునామాలూ ఫోన్ నంబర్లూ, ఫెడరల్ నిధులు తీసుకునే బడి, సైన్యంలోకి మనుషుల్ని చేర్పించే రిక్రూటర్లకు ఇవ్వాలి. అంటే ఫోను ఇంటికే వస్తుంది. ఆ ఫోను అవతలి మనిషికి ఓపిక ఉంటుంది. పిల్లవాడి మాట మధ్యలో అడ్డం రాడు. వాణ్ని ‘పెద్దవాడివి’ అంటాడు. ‘నా సంతకం లేకుండా ఎలా వెళ్తావో చూస్తాను’ అన్న తండ్రి సంపాదించుకునేది కొన్ని నెలల గడువు. ఆ నెలల్లో పిల్లవాడు ఇంట్లో నోరు విప్పడు. చెప్పాల్సినవన్నీ ఆ ఫోనులోనే చెప్పుకుంటాడు.

ఇక్కడ కన్నవాళ్లుగా మనం చేసే అసలు పొరపాటు గురించి చెప్పాలి. మనకి భయం వేస్తుంది. భయం అని చెప్పడానికి నామోషీ. అందుకని దానికి వాదన వేషం వేస్తాం. చమురు గురించి, అధ్యక్షుడు చెప్పిన అబద్ధాల గురించి గంటలకొద్దీ మాట్లాడతాం. ఆ మాటల్లో నిజం ఉండొచ్చు, ఇరాక్ విషయంలో చాలావరకు ఉంది కూడా. కానీ పిల్లవాడికి మన గొంతు తెలుసు. నాన్న రాజకీయం మాట్లాడుతున్నాడా, వణుకుతున్నాడా అన్నది వాడికి పదేళ్ల వయసు నుంచే తెలుసు. వణుకు దాచిన వాదనని వాడు వాదనగా తీసుకోడు, దాని మీద గెలవడమే పనిగా పెట్టుకుంటాడు. అలా గెలవాలన్న పట్టుదలతోనే సంతకం పెట్టే ప్రమాదం ఉంది.

రెండు మాటల్నీ విడదీయండి. ‘నిన్ను పోగొట్టుకుంటానేమోనని నాకు భయంగా ఉంది.’ ఇది ఒక మాట. దీనికి రుజువులు అక్కర్లేదు, ఎదురు జవాబూ ఉండదు. ‘ఈ యుద్ధం అన్యాయమని నేను నమ్ముతున్నాను.’ ఇది ఇంకో మాట. దీన్ని ఇంకో రోజు, ఇంకో పూట, పుస్తకాలూ పత్రికలూ ముందు పెట్టుకుని సమానుల్లా మాట్లాడుకోవచ్చు. రెండూ కలిపి ఒకే ముద్దగా పెడితే ఏదీ మింగుడు పడదు. మన తెలుగు ఇళ్లలో ఈ ముద్దలో మూడోది కూడా కలుపుతాం: ‘మా మాటంటే లెక్కలేదా?’ ఆ మూడోది కలిపిన క్షణాన విషయం యుద్ధమూ కాదు, బిడ్డ ప్రాణమూ కాదు. మన పెద్దరికం.

అవతలి వైపు, చేరాలనుకునే అమ్మాయికీ అబ్బాయికీ కూడా ఒక వేషం ఉంటుంది. దేశం కోసం అంటారు. నిజంగా దేశం కోసమే వెళ్లినవాళ్లు ఉన్నారు. కానీ చదువుకి డబ్బు లేకపోవడం, చిన్న ఊళ్లో ఊపిరాడకపోవడం, నాన్న ముందు మొనగాడిననిపించుకోవాలన్న తపన, ఇవి కూడా ఆ మాట చాటున నిలబడతాయి. ఇవి తప్పుడు కారణాలు కావు. వాటిని వాటి పేరుతో పిలవకపోవడమే తప్పు. నేనైతే ఒక్కటే అడుగుతాను: నువ్వు నమ్మని యుద్ధానికి పంపినా వెళ్తావా? ఎందుకంటే సైనికుడు యుద్ధాన్ని ఎంచుకోడు. కేసీ షీహాన్ అనే కుర్రాడు సైన్యంలో చేరింది 2000లో, ఇరాక్ యుద్ధం ఊసే లేనప్పుడు. 2004 ఏప్రిల్ 4న బాగ్దాద్‌లోని సదర్ సిటీలో చనిపోయాడు. వెళ్లొద్దని తల్లి సిండీ షీహాన్ బతిమాలింది. తోటివాళ్లు వెళ్తుంటే తాను ఆగిపోలేననుకున్నాడు. చేరే రోజున ఉన్న కారణం వేరు, వెళ్లే రోజున ఉన్న కారణం వేరు. మరుసటి ఏడు ఆగస్టులో ఆ తల్లి టెక్సస్‌లోని క్రాఫోర్డ్‌లో, అధ్యక్షుడు బుష్ ఇంటి దారిలో గుడారం వేసుకుని కూర్చుంది. నా కొడుకు ఏ గొప్ప కారణం కోసం చనిపోయాడో చెప్పమని అడిగింది.

బిడ్డని ఆపలేకపోయిన తల్లి ఆమె. ముందుకు తోసిన తండ్రి కథ ఇంకా భారంగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్‌ని చూపు బాగా లేదని సైన్యం తిప్పి పంపింది. తండ్రి తన పలుకుబడి వాడి ఐరిష్ గార్డ్స్ దళంలో చేర్పించాడు. 1915 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర, పద్దెనిమిదేళ్లు నిండిన ఆరు వారాలకే జాన్ కనిపించకుండా పోయాడు. తండ్రి బతికుండగా శవం కూడా దొరకలేదు. అప్పుడు ఆ యుద్ధానికి ఆదరణ ఉంది, అయినా తేడా ఏముంది? బిడ్డ నిర్ణయంలోకి మన ఆశయాన్ని దూర్చినా, మన భయాన్ని దూర్చినా అది బిడ్డ నిర్ణయం కాకుండా పోతుంది.

ఇరాక్ రోజుల్లో వాదించి అలసిపోయిన కన్నవాళ్లకు మిగిలిన మంచి పని ఒకటుంది, కాగితాలు కలిసి చదవడం. మొదటిసారి చేరేవాళ్లు సంతకం పెట్టే ఒప్పందంలో మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. క్రియాశీల సేవ నాలుగేళ్లే అయినా, మిగతా కాలం రిజర్వులో, పిలుపు వస్తే వెళ్లాల్సిందే. చట్టాలు ముందు చెప్పకుండానే మారవచ్చని కూడా ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. ఇరాక్ యుద్ధంలో గడువు ముగిసినా ఇంటికి పంపకుండా వేలమందిని ఆపేశారు. రిక్రూటర్ నోటితో ఇచ్చిన హామీ కాగితం మీద లేకపోతే లేనట్టే. సంతకం పెట్టి శిక్షణకు పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, బయల్దేరేలోపు మనసు మార్చుకోవచ్చు. ఇవన్నీ పిల్లవాడి పక్కన కూర్చుని, వేలు పెట్టి చూపిస్తూ చదివిన అమ్మ, యుద్ధం మీద నూరు ఉపన్యాసాలిచ్చిన అమ్మకంటే ఎక్కువ చేసినట్టు. వాడు తలెత్తి ‘నాకు తెలుసమ్మా, అయినా వెళ్తాను’ అంటే, ఆ ‘తెలుసు’ నిజంగా తెలిసి అన్నదే అవుతుంది.

వెళ్లాక ఏం చేయాలి? 2002 నవంబరులో, ఇరాక్ యుద్ధం ఇంకా మొదలుకాకముందే, బిడ్డలు సైన్యంలో ఉన్న కొన్ని కుటుంబాలు ‘మిలిటరీ ఫ్యామిలీస్ స్పీక్ అవుట్’ అని ఒక సంఘంగా ఏర్పడ్డాయి. యుద్ధం వద్దని వీధుల్లో నడిచినవాళ్ల ఇళ్ల నుంచే ఇరాక్‌కు బిడ్డలు వెళ్లారు. అలాంటి ఇంటి నుంచి వెళ్లే ఉత్తరంలో యుద్ధం గురించి ఒక్క ముక్క కూడా ఉండక్కర్లేదని నా నమ్మకం. వాదన ఊరేగింపులో చేయొచ్చు, పత్రికలో చేయొచ్చు, ప్రభుత్వంతో చేయొచ్చు. బిడ్డకి రాసే కాగితంలో కుక్క ఎన్ని చెప్పులు కొరికిందో, చెల్లెలు కారు నడపడం ఎంతవరకు నేర్చుకుందో, వాడి గదిలో ఎక్కడివి అక్కడే ఉన్నాయో లేదో రాయాలి.