మెదడులో లింగభేదం: ఎలుక పిల్లలపై తొలి హార్మోన్ల ప్రభావం

ఒక రసాయనం హానికరమా కాదా అని నిర్ణయించేటప్పుడు సాధారణంగా మోతాదును పరిశీలిస్తాం. అది ఏ దశలో శరీరంలోకి చేరిందన్నది కూడా అంతే ముఖ్యమని ఎలుక మెదడుపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి. గోదావరి డెల్టాలో వరి నాట్లు, కలుపుతీత ఎక్కువగా స్త్రీల చేతిమీదనే సాగుతాయి. వారిలో గర్భిణులూ ఉంటారు. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ విషయాన్ని తెలుసుకోవడం అవసరం.

హార్మోన్ పనిచేసే విధానం

ఎలుక గర్భధారణ కాలం సుమారు 22 రోజులు. మగ పిండంలో వృషణాలు 18వ రోజు ప్రాంతంలో టెస్టోస్టెరాన్‌ను అధికంగా స్రవిస్తాయి. పుట్టిన కొద్ది గంటల్లో దాని స్థాయి మరొకసారి పెరుగుతుంది. మెదడుకు చేరిన ఈ హార్మోన్‌ను ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. స్త్రీ హార్మోన్‌గా పేరుపొందిన ఈస్ట్రడయోలే ఎలుక మెదడును మగ లక్షణాల వైపు మలచడం విశేషం. అలాగైతే తల్లి ఈస్ట్రోజెన్ వల్ల ఆడ పిండం మెదడు ఎందుకు మారదు? పిండం రక్తంలోని ఆల్ఫా ఫీటోప్రోటీన్ దానిని బంధించి మెదడుకు చేరనివ్వదు.

హైపోథలమస్ ముందుభాగంలోని ఒక నాడీకణ సమూహం ఆడ ఎలుకలకన్నా మగ ఎలుకల్లో అనేక రెట్లు పెద్దదిగా ఉంటుందని 1978లో గోర్స్కీ బృందం చూపింది. తొలిదశ హార్మోన్ అక్కడి కణాలు నశించకుండా కాపాడటమే ఇందుకు ప్రధాన కారణం.

కాలమే కీలకం

ఐదు రోజుల ఆడ పిల్లకు 1.25 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ప్రొపియొనేట్‌ను ఒక్కసారి ఇస్తే, పెరిగాక దానిలో అండోత్సర్గం జరగదు, అది గొడ్డుబోతుంది. అదే మోతాదును 20వ రోజున ఇస్తే ఆ ప్రభావం కనిపించదు. తొలిదశ హార్మోన్ మెదడు నిర్మాణాన్ని శాశ్వతంగా తీర్చిదిద్దుతుంది. యౌవనంలోని హార్మోన్ ఆ నిర్మాణాన్ని పనిచేయిస్తుంది. ఈ భేదాన్ని 1959లో ఫీనిక్స్, ఆయన సహచరులు గినీపందులపై జరిపిన ప్రయోగాలతో ప్రతిపాదించారు.

పొలానికి వర్తించే పాఠం

కొన్ని పురుగుమందులు, తెగుళ్ల మందులు హార్మోన్ల పనికి అడ్డుతగులుతాయి. విన్‌క్లోజొలిన్ అనే శిలీంధ్రనాశినిని గర్భంతో ఉన్న ఎలుకలకు ఇచ్చినప్పుడు మగ పిల్లల జననాంగాలు ఆడ లక్షణాల వైపు మారాయి. డి.డి.టి. విచ్ఛిన్నం వల్ల ఏర్పడే డి.డి.ఇ. కూడా పురుష హార్మోన్ గ్రాహకాలను అడ్డుకుంటుందని 1995లో వెల్లడైంది.

ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా అన్వయించరాదు. మనిషి మెదడులో ఈస్ట్రడయోల్ కన్నా టెస్టోస్టెరాన్ నేరుగా చూపే ప్రభావమే ప్రధానమని భావిస్తున్నారు. అయినా తొలిదశ సున్నితమైనదన్న సూత్రాన్ని విస్మరించలేము. కనుక సార్వా, దాళ్వా శిక్షణల్లో ఈ సూచనలు తప్పక చేర్చాలి:

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందు కలపడం, పిచికారీ చేయడం మానాలి.
• మందు కొట్టిన పొలంలోకి లేబుల్‌పై సూచించిన గడువు ముగిసేవరకు ఎవరూ దిగరాదు.
• పిచికారీ చేసినవారి బట్టలను విడిగా ఉతకాలి. ఆ పని గర్భిణులకు అప్పగించరాదు.

పెద్దవారికి ఏమీ కాలేదన్నంత మాత్రాన ఆ మందు గర్భస్థ శిశువుకు సురక్షితమని చెప్పలేమన్నదే ఈ పరిశోధనల సారాంశం.