కాలువ గట్టున రెండు సైకిళ్లు

ప్రశ్న: నేనూ మా ఆవిడా కోనసీమలో ఒకరోజు సైకిల్ తొక్కి, రాత్రికి టెంటు వేసుకోవాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

జవాబు: కొత్తగా మొదలుపెట్టే జంటకు చక్కని దారి ఇది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు అల్లుకున్న డెల్టా. బొబ్బర్లంక నుంచి అమలాపురం వైపు ఘాటన్నదే లేదు. అయినా ఎదురుగాలి వీస్తే చదును రోడ్డు కూడా కాళ్లు పీకిస్తుంది. బలమున్నవారు ముందుండాలి. సామాను సంచులు క్యారియర్‌కు రెండువైపులా, వీలైనంత కిందికి కట్టాలి.

డిసెంబరు, జనవరి మేలు.

టెంటు మాత్రం కొబ్బరిచెట్టు కింద వద్దే వద్దు! కాయే కాదు, ఎండుమట్ట పడినా ప్రమాదమే. తోట యజమానిని అడిగి, చెట్లకూ కాలువకూ ఎడంగా వేసుకోవాలి. రాత్రి ఊపిరి తేమకు గుడ్డ లోపలివైపు చెమ్మగిల్లుతుంది; గాలి కిటికీలు తెరిచే ఉంచాలి. తెల్లారి ఎండలో ఆరబెట్టాకే టెంటు మడవాలి.