కుళ్లు రాకముందే సూడోమోనాస్: పసుపు, చెరకు రైతుకు మొదటి పాఠం

ఆర్మూరు, బాల్కొండ వైపు వానాకాలం ముసుర్లలో పసుపు తోటలోకి దిగితే అక్కడక్కడా ఆకులు కొసల నుంచి పాలిపోయి ఎండుతుంటాయి. ఆ మొక్కను లాగితే తేలిగ్గా ఊడి వస్తుంది. కాండం మొదలు మెత్తబడి, దుంప కంపు కొడుతుంది. ఇదే దుంపకుళ్లు. దీనికి కారణం పిథియం. దీన్ని శిలీంద్రాలతో కలిపి చెప్పుకుంటాం గానీ దీని బీజాలు నీళ్లలో ఈదుతాయి. ఒక మడిలో మొదలైన కుళ్లు నిలిచిన నీళ్ల వెంట పక్క మడికి చేరేది అలాగే. అందుకే మొదటి పని ఎత్తు మడులు, నీళ్లు పోయే కాలువలు. అవి లేని పొలంలో ఏ పొడి చల్లినా డబ్బు దండగే.

ఆ పని అయ్యాక చల్లాల్సిన పొడి సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్. ఇది వేళ్ల చుట్టూ బతికే నేల బాక్టీరియా. మట్టిలోని ఇనుమును తాను పట్టుకుని తెగులుకు అందకుండా చేస్తుంది, మొక్క సొంత రక్షణ శక్తిని మేల్కొలుపుతుంది. అయితే తెగులు కంటే ముందే వేరు మీద అది స్థిరపడాలి. కుళ్లిన దుంపను బాగుచేయడం దానివల్ల కాదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద తేదీ చూడండి. లోపల ఉన్నది ప్రాణి. గడువు దాటినా, ఎండలో పెట్టినా మిగిలేది ఉత్త సుద్దపొడి. గ్రాముకు కనీసం 10 కోట్ల బాక్టీరియా కణాలు ఉండాలి.

విత్తే ముందు మచ్చలేని కొమ్ములు ఏరి, లీటరు నీటికి 10 గ్రాముల పొడి కలిపి అరగంట నానబెట్టండి. బావి నీళ్లో బోరు నీళ్లో వాడండి, బ్లీచింగ్ కలిపినవి వద్దు. నీడలో ఆరబెట్టి నాటండి. నేలకైతే ఎకరాకు కిలో పొడిని 20 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడి గోనె కప్పి కొన్నాళ్లు నీడలో ఉంచి, తేమ ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి మందులు దీంతో ఎన్నడూ కలపవద్దు, బాక్టీరియా చచ్చిపోతుంది.

ఇక చెరకు సంగతి. బోధన్‌లో 1937 నాటి నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు సాగు తగ్గింది. ఇంకా వేస్తున్నవాళ్లకు ఎర్రకుళ్లు భయం ఉంది. గడను నిలువునా చీల్చి చూడండి: ఎర్రటి చారల మధ్య అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన వాసన ఉంటే అది ఎర్రకుళ్లే. ఆ తోట నుంచి విత్తనం తీయకండి. ఆరోగ్యమైన ముచ్చెలను పసుపు కొమ్ములకు చెప్పిన సూడోమోనాస్ ద్రావణంలోనే గంటసేపు ముంచి నాటండి.

తెగులు ఏదో తేలకపోతే మొక్కను వేళ్లతో సహా తీసి పసుపుకైతే కమ్మర్‌పల్లి, చెరకుకైతే రుద్రూర్ పరిశోధన కేంద్రంలో చూపించండి.

మొదటి ఏడాది రెండు పసుపు మడులను సూడోమోనాస్ వాడకుండా వదలండి. తవ్వకాలప్పుడు వాటి దుంపను విడిగా తూకం వేసి, మిగతా మడులతో పోల్చి చూడండి.