నోరు మీది, లెటర్‌హెడ్ యూనివర్సిటీది

కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్లయినవాళ్ళు తరచూ అడుగుతుంటారు: "ఫేస్‌బుక్‌లో ప్రభుత్వం మీద రాయొచ్చా సార్?" ముందు మీ నియామక ఉత్తర్వు తీసి చూడండి. ఏ నిబంధనలకు లోబడి ఉద్యోగమిచ్చారో రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి కాపీ తెచ్చుకోండి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో 9వది ప్రభుత్వ విధానాలను విమర్శించొద్దంటుంది. అది మీకు వర్తిస్తుందో లేదో మీ యూనివర్సిటీ నిబంధనలే తేలుస్తాయి. తెలుసుకోకుండానే నోరు కుట్టేసుకోకండి. ఉస్మానియాలో పాఠాలు చెబుతూనే కోదండరాం తెలంగాణ జేఏసీని నడిపారు.

"మన సంస్థ తటస్థం" అని పైవాళ్ళు అంటే, ఆ మాట ఎందుకు పుట్టిందో గుర్తుంచుకోండి. 1967లో షికాగో యూనివర్సిటీలో న్యాయశాస్త్ర ప్రొఫెసర్ హ్యారీ కాల్వెన్ కమిటీ, రాజకీయ వివాదాల్లో సంస్థ తన పేరున పక్షం వహించకూడదంది. సంస్థ ఒకవైపు మొగ్గితే విభేదించే టీచరు ఇరుకున పడతాడన్నదే అందులోని భయం. మౌనం సంస్థకు, మాట టీచరుకు. మన దగ్గర దాన్నే తిరగేసి టీచరు మీద ప్రయోగిస్తున్నారు. 2023లో అశోకా యూనివర్సిటీ అధ్యాపకుడొకరు 2019 లోక్‌సభ ఎన్నికలపై రాసిన పరిశోధనా పత్రం దుమారం రేపింది. అది తమ వైఖరి కాదని యాజమాన్యం చెప్పింది. అంతవరకు తటస్థతే. ఆ అధ్యాపకుడు రాజీనామా చేశాక, పత్రంలోని మంచిచెడ్డల్లో పాలకమండలి జోక్యం చేసుకుందని సొంత విభాగమే బహిరంగ లేఖ రాసింది. ఆ మంచిచెడ్డలు తేల్చే పని సాటి పరిశోధకులది, పాలకమండలిది కాదు.

వ్యాసం కింద హోదా వేస్తే "అభిప్రాయాలు వ్యక్తిగతం" అని చేర్చండి. ఆఫీసు ఈమెయిలు, లెటర్‌హెడ్, డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఇందుకు వాడొద్దు. క్లాసులో సిలబస్‌లోని వివాదాన్ని ఆధారాలతో చెప్పండి, ఓటెవరికో చెప్పకండి. పోలింగ్ డ్యూటీ పడిందా, ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఎ ప్రకారం ఫలితాలు వచ్చేదాకా మీరు ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్‌పై ఉన్నట్టే. అప్పటిదాకా పార్టీల ఊసెత్తకండి.

మెమో వస్తే ఫోన్లో సంజాయిషీ ఇచ్చుకోకండి. ఏ నిబంధన ఉల్లంఘించానో చెప్పమని రాసి అడగండి. గడువులోగా జవాబిచ్చి, మీ కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి.

కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లకు ఈ సలహా సగమే పనికొస్తుంది. వాళ్ళకు మెమో రాదు, రెన్యువలే రాదు. అందుకే అధ్యాపక సంఘంలో సభ్యత్వం ఇప్పుడే తీసుకోండి.