కొలిచిందెవరు? – కార్ల ల్యాపు కాలాలు

రేసు ట్రాకును కారు ఒక్కసారి చుట్టి రావడానికి పట్టే సమయమే ల్యాపు కాలం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెంలో చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు. అందరికీ ఒకే బాట, ఒకే గడియారం. కనుక ఆ కాలాలను పోల్చవచ్చు.

కంపెనీల ప్రకటనల సంగతి వేరు. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాకును తమ జీటీ-ఆర్ కారు 7 నిమిషాల 29 సెకండ్లలో చుట్టిందని 2008లో నిస్సాన్ ప్రకటించింది. అదే రకం కారును తాము నడిపితే 7 నిమిషాల 54 సెకండ్లు పట్టిందని పోర్షే అన్నది. తేడా 25 సెకండ్లు! డ్రైవరు, టైర్లు, వాతావరణం – ఏది మారినా కాలం మారుతుంది. పైగా ఇద్దరూ కార్లు అమ్ముకునేవాళ్లే.

దూరం కూడా చూడాలి. 2021లో పోర్షే జీటీ2 ఆర్‌ఎస్ కారుకు పూర్తి చుట్టు 20.832 కి.మీ.కు 403.300 సెకండ్లు పట్టింది. అదే పరుగును పాత లెక్కన 20.6 కి.మీ.కే కొలిస్తే 398.835 సెకండ్లు. సగటు వేగం కట్టి చూడండి: రెండింటికీ గంటకు దాదాపు 186 కి.మీ.! కారు వేగం పెరగలేదు, కొలిచిన దూరం తగ్గింది. 2019 నుంచి అక్కడ అధికారిక రికార్డుకు పూర్తి చుట్టే లెక్క.

మన కొత్తకోట రైతులకు ఇది దూరపు ముచ్చట కాదు. విత్తనాల ప్రకటనలో ఎకరాకు ఇన్ని క్వింటాళ్లంటారు. ఏ నేలలో? ఎన్ని తడులకు? ఎవరు తూచిన్రు? కారు కొన్నవాడికి పోయేది కొన్ని సెకండ్లే; అప్పు తెచ్చి విత్తినవాడికి ఏడాది కష్టం పోతుంది. అంకెను నమ్మే ముందు ఈ ప్రశ్నలు అడగడమే మనం చదివే సైన్సు.