పోటీ పరీక్షల ప్రత్యేకం: నిరుద్యోగి అంటే ఎవరు?

విజయవాడలో 16, 65 జాతీయ రహదారులు కలిసే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక తాపీ మేస్త్రి వారమంతా పని కోసం తిరిగాడనుకోండి. ఏదో ఒకరోజు గంటసేపు గోడ కట్టినా చాలు, ప్రస్తుత వారపు స్థితి ప్రకారం అతడు ఉపాధి ఉన్నవాడి కిందే లెక్క. ఆ గంట కూడా దొరక్క పని వెతుకుతుంటేనో, చేయడానికి సిద్ధంగా ఉంటేనో నిరుద్యోగి. అతడి ఇంటి ఇబ్బంది ఈ లెక్కకు అందదు, కానీ పరీక్షలో రాయాల్సింది ఇదే. 2017లో మొదలైన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) ఈ కొలమానాన్ని వాడుతోంది.

నిరుద్యోగిత రకాల్లో, ఒక కొలువు వదిలి మరొకటి వెతుక్కునే మధ్యకాలానిది ఘర్షణ నిరుద్యోగిత. ఈ వెతుకులాటపై పరిశోధనకే డైమండ్, మార్టెన్‌సెన్, పిస్సారైడ్స్‌లకు 2010 ఆర్థిక నోబెల్ దక్కింది. ఖాళీల సమాచారం అందితే ఈ వెతుకులాట తగ్గుతుంది; వాటిని ఉపాధి కల్పనా కార్యాలయాలకు తప్పనిసరిగా తెలపాలన్న చట్టం 1959లో వచ్చింది. ఉద్యోగాలు వెతుక్కునే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 జులై 20న మొదలైంది. అందులో నమోదు ఉచితం. మీరింకా చేసుకోకపోతే వెంటనే చేసుకోండి.